మూడొందల ముప్పై గరిటెలు

నెల్లూరు ట్రంకు రోడ్డులో
సైకిళ్ళ కొట్టు మెట్టెక్కేసరికి పదకొండయింది.
ఉదయగిరిలో మొదటి బస్సు,
ఆత్మకూరు దాకా నిలబడే వచ్చాను.
గుప్పిట్లో పట్టుకున్న నోట్లు
చెమటకి గుడ్డపేలికల్లా మెత్తబడ్డాయి.

"పిల్లోడికా అమ్మా? వయసెంత?"
"నలభై ఒకటి" అన్నాను.
కొట్టబ్బాయి చేతిలో పెన్ను ఆగింది.

నర్ది చెక్క చెక్కి గరిటెలు చేస్తాను నేను,
దువ్వెనలు, ఉప్పు చెంచాలు కూడా.
పోయిన చలికాలం ఎగ్జిబిషన్లో
సంచి అడుగు కనపడేదాకా అమ్ముడుపోయాయి.
తొక్కడం నేర్చుకుంది నిరుడే,
రంజాన్ నెలలో, సహరీ తిన్నాక,
వీధి ఇంకా లేవకముందు,
చాచా పాత సైకిలు మీద.
తారు మీద అది బుద్ధిగానే పోతుంది.
దుర్గం కింద గులకదారి పట్టిస్తే మాత్రం
దొంగతనం దొరికిన పిల్లాడిలా
ముందు చక్రం మొహం పక్కకి తిప్పేస్తుంది.

"కొండెక్కే సైకిలెందుకే నీకు?"
వదిన ఖుర్షీదా మూడుసార్లు అడిగింది.
గరిటెకి కారణం చెప్పగలను.
దీనికి చెప్పలేకపోయాను.

ముందు ఎర్రదాన్ని తెచ్చాడు అబ్బాయి.
ముందొక స్ప్రింగు, వెనకొక స్ప్రింగు,
ఒంటినిండా మంటల బొమ్మలు.
"అందరూ ఇదే తీసుకుంటారమ్మా,
గుంతల్లో పరుపు మీద కూచున్నట్టుంటది."
కూచున్నాను. నిజమే, పరుపే.
"మరి ఎక్కేటప్పుడు?"
అతను జవాబు వెతుక్కునేలోగా
పెడలు మీద బరువేసి చూశాను.
నేను తొక్కిన తొక్కుడులో సగం
వెనక స్ప్రింగే తాగేసింది.
అతుకు మీద బొటనవేలు నడిపాను.
రంగు కింద గడ్డ.
పగులుకి లక్క పూసి నునుపు చేయడం నాకూ తెలుసు,
ఒకటి రెండుసార్లు చేశాను కూడా.
అందుకే దిగిపోయాను.

మూల దుమ్ములో బూడిదరంగుది ఒకటి.
ముందు మాత్రమే స్ప్రింగు.
కాళ్ళు చెరోపక్కా పెట్టి నిలబడితే
కడ్డీకీ నాకూ నడుమ నాలుగువేళ్ళ సందు.
ఒంటిచేత్తో ఎత్తాను, లేచింది.
బ్రేకు అందలేదు, నావి పొట్టివేళ్ళు.
అబ్బాయి చిన్న మర ఏదో తిప్పాడు,
బ్రేకు నా దగ్గరికి జరిగింది.
"ఈ మర సంగతి ఎవరూ అడగరమ్మా."
నేనూ అడగలేదు. చేతులు చూసి చెప్పాడు.

"పల్లేరుకాయలు?"
"ఈ టైరు మందం. అయినా గుచ్చుకుంటాయి."
అబద్ధం చెప్పనందుకు మనసు కుదిరింది.
స్టాండు లేదు, క్యారేజీ లేదు, మడ్‌గార్డు లేదు.
"బెల్లన్నా లేదేందబ్బా?"
"కొండమీద పక్కకి జరిగేదెవరమ్మా?"

పదహారు వేల ఐదొందలు.
గరిటె యాభై చొప్పున మూడొందల ముప్పై.
కొన్ని గరిటెలు పేరుపేరునా గుర్తున్నాయి,
కణుపు అడ్డమొచ్చినవి, రెండోసారి చెక్కినవి.
బేరమాడలేదు.
బేరమాడే మొహాలు ఎట్టా ఉంటాయో
బల్లకి ఇవతలి నుంచి చూసినదాన్ని.
బెల్లు మాత్రం ఊరికే ఇమ్మన్నాను.

బస్సు టాపు మీద తాళ్ళతో కట్టించి
అరటిక్కెట్టు కొట్టాడు కండక్టరు.
సంగం దాటేదాకా
ప్రతి గతుకుకీ తలెత్తి పైకప్పు చూశాను.

తెల్లారి చున్నీ నడుముకి బిగించి
దుర్గం కింద దారిలోకి దిగాను.
మొదటి పల్లంలోనే ముందు బ్రేకు గట్టిగా పట్టి
మోకాలు గీరుకున్నాను.
ఉలి గీతలున్న అరచేతిలోకి
ఎర్రమట్టి దిగింది.
సైకిలుకేమన్నా అయిందేమోనని ముందు చూశాను,
మోకాలు తర్వాత.

ఎగువలో ఊపిరి అందక
అన్నిటికంటే చిన్న గేరుకి మార్చాను.
"అది ముసలోళ్ళ గేరమ్మా, వాడరు" అన్నాడే, అదే.
కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి,
దారి మాత్రం జానెడు జానెడే కదులుతోంది.
కానీ కాలు కింద పెట్టలేదు.

సీతాఫలం పొద పక్క నుంచి
ఉడుమొకటి దారికి అడ్డమొచ్చింది.
బెల్లు కొట్టాను.
అది నింపాదిగా తల తిప్పి చూసి
నాకంటే ముందు మలుపు దాటిపోయింది.